మూడో అంతస్తులో చీరలెవరు కొంటారు?

మా ఇనుప అంగడి వెనక కొత్తగా కడుతున్న మేడకు ఈ ఉదయం సెంట్రింగు విప్పుతున్నారు. పైనుంచి ఇనుప రేకుల్ని ఒకదాని తర్వాత ఒకటి కిందికి విసురుతుంటే ఆ చప్పుడు పెనుకొండ బజారు చివరిదాకా వినబడుతోంది. ఇలాంటి రేకుల మీదినుంచే రత్నక్క పడింది. పడినందుకు కాదు నా కోపం. పడ్డాక ఆమెను ఏం చేయజూశారో తలచుకుంటే, ఇన్నేళ్ళయినా అది వీసమెత్తు తగ్గలేదు.

రత్నక్క పూర్తి పేరు గంగరత్నమ్మ. ధర్మవరంలో మా ఎదురిల్లు. మాది పట్టుమగ్గాల వీధి. నేను ఏడో తరగతితో బడి మానేసి, ఎవరో పారేసిన లెక్కల పుస్తకాలు అరుగు మీద పరుచుకుని నాకు నేనే నేర్చుకుంటుంటే వీధంతా నవ్వేది. ఆమె మాత్రం మగ్గం గుంటలో కూర్చునే కేకేసేది.

“ఏమబ్బా, ఈ పూట ఎవురు గెలిచిరి? నువ్వా, లెక్కా?”

“లెక్కే గెలిచిందక్కా.”

“అయితే రేపు మల్లా కొట్లాడు. అది యాడికీ పోదు.”

ఈ రోజు కమ్మీల బరువు కాగితం లేకుండా నోటితో చెప్పి ఈ అంగట్లో జీతం తీసుకుంటున్నానంటే, ఆ కేకలు కొంత కారణం. నన్ను ఓడినవాడిగా కాక, ఇంకా కొట్లాడుతున్నవాడిగా చూసింది ఆమె ఒక్కతే.

తర్వాత మగ్గం కూలి తిండికి చాలని రోజులు వచ్చాయి. అదే సమయంలో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చి, దాని చుట్టూ అద్దె గదుల మేడలు వరసగా లేవసాగాయి. రత్నక్క తొలి రైలుకు పెనుకొండ వచ్చి, అక్కడినుంచి కాంట్రాక్టరు ఆటోలో పనికి పోయేది. కాంక్రీటు తట్టలు మోసేది. మా వీధిలో చాలామంది అలాగే మగ్గం వదిలి ఏదో ఒక కూలికి పోతున్నారు. అయితే మగ్గాన్ని మాత్రం ఎవరూ విప్పలేదు. ఇంట్లో మగ్గం ఆడుతుంటేనే నేతగాళ్ళ కార్డు ఉంటుంది, కార్డు ఉంటేనే ఏటా ప్రభుత్వ సాయం వస్తుంది. అందుకని సర్వేకు వచ్చేవాళ్ళ కళ్ళకు కనబడేలా మూరెడు పడుగు కట్టి, కాస్త అంచు నేసి, దుమ్ము దులిపి ఉంచేవారు. వాళ్ళను నేను తప్పు పట్టను. నేత నేర్చినవాడి చేత తట్ట మోయించిన కాలానిదే ఆ తప్పు.

ఒక మధ్యాహ్నం మూడో అంతస్తు స్లాబు పోస్తుండగా రేకుల కింద దన్నుగా నిలిపిన పోటు జారి, రేకులతో సహా రత్నక్క రెండో అంతస్తు మీద పడింది. కుడి మోచెయ్యి నుజ్జయింది. ప్లేటు వేశారు కానీ ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు. మొదటి వారం కాంట్రాక్టరు పళ్ళు పట్టుకొచ్చి, “నేను నీ కొడుకులాంటోన్నమ్మా” అన్నాడు. రెండో వారం కొడుకు ఫోను ఎత్తలేదు.

హిందూపురంలో నాకు తెలిసిన లాయరమ్మ ఉంటే తీసుకుపోయాను. ఆమె నష్టపరిహారం కోసం లేబర్ ఆఫీసులో దరఖాస్తు వేసింది. దానికి కాంట్రాక్టరు ఇచ్చిన జవాబును లాయరమ్మ మాకు చదివి వినిపించిన రోజు నాకు బాగా గుర్తు. గంగరత్నమ్మ అనే ఆమె మా కూలీ కాదు. ఆమె వృత్తి నేత, ఇదిగో ఆమె కార్డు నకలు. ఆ రోజు మా కూలీలకు చీరలు అమ్ముకోవడానికి వచ్చి, వద్దన్నా పైకెక్కి జారిపడింది. ఇదీ జవాబు. కార్డు నకలు అతని చేతికి ఎలా పోయిందో మా వీధిలో ఎవరూ చెప్పలేదు. తెలియనివారు మాత్రం ఎవరూ లేరు.

రత్నక్క మొదట నవ్వింది. “చీరలా! ముప్పై ఏండ్లు నేసినా గానీ నేను నేసిన పట్టుచీర ఒక్కటీ నేను కట్టింది ల్యా. అమ్మేదానికి యాడివమ్మా నాకు చీరలు?”

లాయరమ్మ నవ్వలేదు. “మగ్గం వదిలేసి కూలికి పోతున్నానని మీ నోటితో మీరే చెప్పాలి. చెబితే కార్డు పోతుంది. తీసుకున్న సాయం వెనక్కి కట్టమన్నా అనొచ్చు. ఆలోచించుకోండి” అంది.

ఆ మాట మాకంటే ముందే ధర్మవరం చేరింది. మరునాడు వీధి పెద్ద ఓబులేసు నలుగురిని వెంటేసుకుని రత్నక్క ఇంటికి వచ్చాడు. ఆమె మొగుడు నారాయణప్ప, చూపు సరిగా ఆనని మనిషి, మూల కూర్చుని గోడవైపు చూస్తున్నాడు.

“చూడు రత్నమ్మా, నువ్వు ఆఫీసులో నోరు తెరిచినావంటే రేపు జీపేసుకుని ఈదికొస్తారు. ప్రతి మగ్గమూ చూస్తారు. ఇంతమంది నోట్లో మట్టి కొడతావా?” అన్నాడు ఓబులేసు.

“నా నోట్లో కొట్టినోన్ని అడిగినావా అన్నా?”

“ఆ కాంట్రాక్టరప్ప ఏందో కొంత ఇస్తానంటాండాడు. రాజీ చేసుకో.”

“ఏమబ్బా, నువ్వు చెప్పు” అని రత్నక్క నావైపు తిరిగింది.

ఆమె నెల కూలిలో అరవై శాతం, దాన్ని వయసును బట్టి చట్టం చెప్పిన అంకెతో గుణించి, సంపాదించే శక్తి ఎంత పోయిందో అందులో అంత భాగం. రావలసిన పరిహారం ఇదని ఆ లెక్క చెప్పి, రాజీ సొమ్ము అందులో పదో వంతు కూడా కాదన్నాను.

“ఏడో క్లాసు సదివి ఈడు లాయరయినాడురా!” అన్నాడు ఓబులేసు. వెంట వచ్చినవాళ్ళు నవ్వారు.

“వాడు లెక్క చెప్పినాడు. తప్పుంటే నువ్వు దిద్దన్నా” అంది రత్నక్క. మూలనుంచి నారాయణప్ప, “కార్డయినా మిగలనీలేవే” అన్నాడు మెల్లగా. ఆ మాట ఆమెకు తగిలినట్టుంది. లోపలికి పోయింది. ఆమె ఏం చేస్తుందో నాకు ఆ రోజు తెలియలేదు.

విచారణ రోజున అవతలి లాయరు కార్డు నకలు ఎత్తి చూపి, “ఇది నీదేనా?” అని అడిగాడు. రత్నక్క ఎడమ చేత్తో రవికలోంచి అసలు కార్డే తీసి అధికారి బల్ల మీద పెట్టింది.

“నాదే సామీ. ఇంగ వద్దు, తీసుకోండి. నేను మగ్గం ఇడిసి శానా దినాలాయ. బేల్దారి పనిలో తట్ట మోస్తా పడినా.”

“చీరలమ్మడానికి వచ్చి పడ్డావని మేమంటున్నాం.”

“పిట్టగోడ గూడ లేని మూడో అంతస్తులో చీరలెవురు కొంటారు సామీ? కాకులా?”

అధికారి తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. తర్వాతి వాయిదాకు, అంతవరకు భయపడి తప్పించుకు తిరిగిన ఇద్దరు రామగిరి కూలీలు వచ్చి, ఆమె తమతోపాటే పని చేసేదని చెప్పారు. అప్పుడు అవతలి లాయరు పాట మార్చాడు. డాక్టర్లు నలభై శాతమే నష్టమన్నారు కదా, మిగతా అరవైతో పని చేసుకోవచ్చు కదా అన్నాడు. అంకెలంటే నాకు గౌరవం. అంకెను పట్టుకుని అంత సిగ్గులేని మాట అనడం నేను మొదటిసారి విన్నాను. తట్టను నెత్తికెత్తడానికి రెండు చేతులు కావాలి. అరవై శాతం తట్ట అనేది ఏ మేస్త్రీ దగ్గరా ఉండదు. లాయరమ్మ ఆ మాటే చట్టం భాషలో చెప్పింది. అధికారి ఒప్పుకున్నాడు.

సొమ్ము వచ్చింది, ఆలస్యంగా. కార్డు పోయింది. రత్నక్క మగ్గం విప్పించి, గుంట పూడ్పించి, పైన సిమెంటు పోయించి అక్కడ నారాయణప్పకు మంచం వేసింది. ఓబులేసు భయపెట్టిన జీపు రాలేదు. మా వీధిలో ఒక్క మగ్గాన్నీ ఎవరూ వచ్చి చూడలేదు. అయినా వీధి ఆమెను వెలివేసినంత పని చేసింది. పెళ్ళి పిలుపులు ఆమె గడప దాటి పక్కింటికి పోయేవి. ఒకసారి రైల్లో హిందూపురం పోతూ, వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె కిటికీలోంచి ఎర్రమంచి వైపు లేస్తున్న మేడలు చూపించింది.

“కోపముండనీబ్బా. మనమాదిరి బీదోళ్ళ మీద ఎందుకు ఖర్చు పెడతావు? ఆడ పెట్టు.”

రత్నక్క రెండేళ్ళ కిందట పోయింది. ఆమె చెప్పినంత ఉదారంగా నేను వీధిని క్షమించలేకపోయాను. కానీ ఆదివారాలు దెబ్బ తగిలిన కూలీలు అంగడికి వస్తే, వాళ్ళ లెక్కలు వేసిపెట్టి లాయరమ్మ దగ్గరికి పంపుతున్నాను.

పోయిన వారం అమరాపురం నుంచి ఒకతను కాలికి కట్టుతో, భార్య భుజం పట్టుకుని వచ్చాడు. “ఆస్పత్రిలో ఇంటికాడ జారి పడినాడని చెప్పినాం సార్. మేస్త్రీ అట్లే చెప్పమనె. ఎంతొస్తాదో లెక్కేసి చెప్పండి” అందామె.

“లెక్క తర్వాత. యాడ పడినావప్పా?” అని అతన్నే అడిగాను.

అతను వాకిలివైపు చూసి, “బిల్డింగు కాడ” అని గొణిగాడు.

“వినపడలే. రేపు ఆఫీసులో గూడా ఇట్లే గొణుగుతావా?”

“బిల్డింగు పనిలో పడినా సార్.”

రోడ్డు మీద పోతున్న ఇద్దరు ఆగి చూశారు. అతని భార్య కంగారుగా అతని చెయ్యి లాగింది. నేను కాగితం ముట్టుకోలేదు.

“ఇంకా గట్టిగా” అన్నాను.