దొరసాని గడ్డం మీది పచ్చబొట్టు

జనగామలో పోయినవాళ్లందరి మొహాలూ మా బాపుకు తెలుసు. ఎవరింట్లో చావు జరిగినా పదకొండో రోజుకల్లా గోడకు పటం ఉండాలి కదా. రేషన్ కార్డు మీది గోరంత ఫొటో పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు. బాపు దాన్ని పెద్దగా గీసి, జన్మలో కోటు ఎరగనివాడికి కూడా కోటు తొడిగి ఇచ్చేవాడు. ఊరందరికీ పటాలు గీసిన ఆ మనిషి ఇంట్లో మా అమ్మ పటం మాత్రం లేదు. నాకు ఊహ తెలియక ముందే ఆమె పోయింది. బతికుండగా ఒక్క ఫొటో దిగలేదు. ఎట్లా ఉండేదో నాకు తెలియదు.

గీయమని అడిగాను, పోట్లాడాను, ఒక పండుగనాడు అన్నం మానేసి కూర్చున్నాను. బాపుది ఒకటే మాట.

"ఫొటో లేకుంటే ఎట్ల గీస్తరు బిడ్డా? మతిల ఉన్నది గీస్తే అబద్ధమైతది. మీ అవ్వను అబద్ధం చెయ్యమంటవా?"

"నీకు మతిలనన్న ఉన్నది. నాకు గది గూడ లేదు గదా!" అని నేను అరిస్తే లేచి బయటికి పోయేవాడు.

ఫ్లెక్సీలు వచ్చి, బాపు కొట్లకు బోర్డులు రాసే పని ఊడ్చుకుపోయిన రోజుల్లో, భూపాలపల్లిలో ఫంక్షన్ హాల్ కడుతున్న ఒకాయన వచ్చాడు. మెట్ల గోడ పొడుగునా పాతకాలపు యూరప్ దొరలూ దొరసానులూ కావాలట. ఎక్కడో పెద్ద హోటల్లో చూసి మనసు పడ్డాడు. కంప్యూటర్ సెంటర్లో తీయించిన ప్రింట్లూ, క్యాన్వాసులూ ఆయనే తెచ్చిచ్చాడు. చూసి నూనె రంగుల్లో గీయాలి. మెడ చుట్టూ జల్లెడంత లేసు, మగవాళ్లకూ భుజాల దాకా ఉంగరాల జుట్టు, మఖమల్ అంగీలు, ఒళ్లో కుక్కపిల్లలు. నాకు ఒకటే నవ్వు. బాపు నవ్వలేదు.

"దొర గడి ముందట నుంచి పోతే మా నాయిన చెప్పులిడిసి సంకల వెట్టుకునేటోడు. నా బతుకేమో గీ దొరలకు లేసులు అల్లుట్లనే పోతున్నది."

తిట్టుకుంటూనే ప్రాణం పెట్టి గీసేవాడు. బోర్డుల మీద సన్నక్షరాలు రాసే కుంచెతో లేసు పోగులు తీసేవాడు. ముందు బట్టలు, తర్వాత చేతులు, ఆఖరుకు మొహం. అది ఆయన పద్ధతి.

ఆ వానాకాలం తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. నేను పొద్దంతా రోడ్డు మీద వంటావార్పు నిరసనలోనే ఉండేదాన్ని. ఒక రోజు పెంకుల సందుల్లోంచి వాన కారి చివరి దొరసాని ప్రింటు మీద పడింది. బట్టలు మిగిలాయి, మొహం కరిగిపోయింది. ఇంకోటి తెద్దామంటే భూపాలపల్లికి పోయే దారి లేదు. లేసులన్నీ పూర్తయిన బొమ్మ మొహం లేకుండా కొన్నాళ్లు గోడకు ఆనుకుని ఉంది.

ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆ బొమ్మకు మొహం పడింది. చామనఛాయ, వెడల్పు నుదురు, గడ్డం మీద పచ్చబొట్టు చుక్క. అంత లేసు మధ్యలోంచి ఆమె చూస్తుంటే పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వాను.

"ఏంది బాపూ, దొరసానికి పచ్చబొట్టు పొడిపిచ్చినవ్?"

ఆయన కుంచెను లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. "మంచిగున్నదా?" అని అడిగాడు.

"మంచిగనే ఉన్నది. లేసు తీసేస్తే నాట్లకు పోయొచ్చినట్టున్నది."

"అవు," అన్నాడు. "గట్లనే ఉండాలె."

బస్సులు నడిచాక హాల్ ఆయన ఇంకో ప్రింటు పట్టుకుని వచ్చాడు. బొమ్మను చూసి మండిపడ్డాడు. "ఏందే గిది! మానుకోట అంగట్ల మిరపకాయలమ్మేటామె లెక్కున్నది. తెల్లగ చెయ్. ఆ చుక్క తీసెయ్."

"ఇంకోటి గీసిస్త సార్. గిది నాకిడిసిపెట్టుండ్రి," అని బాపు బతిమాలాడు. ఆయన ఒకరిని బతిమాలడం నేను చూడటం అదే మొదలు.

"ఓపెనింగ్ నెత్తి మీదున్నది. క్యాన్వాసు నాది. ఎల్లుండి తీస్కపోత."

బాపు తెల్లరంగు కలిపాడు. టర్పెంటైన్ ఎక్కువ పోసి నీళ్లలా చేశాడు. నేను ఆయన బిడ్డను, నాకా మాత్రం తెలుసు. మా వీధి గోడల మీది జై తెలంగాణ రాతలకు పోలీసులు సున్నం కొట్టిస్తే, రెండు వానలకే అక్షరాలు మళ్లీ తేలేవి.

"ఇంత పల్చగ ఏస్తే అడుగు రంగు తేలుతది బాపూ."

"తేలనీ."

ముందు నుదురు పోయింది, తర్వాత చెంపలు. చుక్క దగ్గర కుంచె చాలాసేపు ఆగింది. ఆ పూట ఆయన అన్నం తినలేదు. దొరల పీడ విరగడైందని నేను మాత్రం సంబరపడ్డాను.

రాష్ట్రం చూడకుండానే బాపు పోయాడు. ఆయన పటం స్టూడియోలో చేయించాల్సి వచ్చింది. పదకొండో రోజు నర్మెట్ట నుంచి మా మేనత్త వచ్చి, ఆ పటం ముందు కూలబడి శోకం పెట్టింది.

"పోతివా అన్నా... గదువ మీద పచ్చబొట్టున్న నా వదినె కాడికి పోతివా..."

నా ఏడుపు ఆగిపోయింది. "అత్తా, ఏమన్నవ్? మా అవ్వకు గడ్డం మీద పచ్చబొట్టుండెనా?"

"ఉండకేం బిడ్డా? గా చుక్కను జూసే గదా మీ బాపు పెండ్లికి ఒప్పుకున్నది."

అయ్యో! మా అమ్మను నేను చూశాను. చూసి నవ్వాను. ఆ మొహాన్ని తలుచుకుందామంటే ఇప్పుడు చుక్క తప్ప ఏదీ నిలవదు. బాపు పోయినందుకు ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చాను.

ఆ నెలలోనే భూపాలపల్లి పోయాను. హాలు మెట్ల గోడ మీది పటంలో ఎవరో తెల్లటి పరాయి ఆడమనిషి ఉంది. చుక్క ఆనవాలు కూడా లేదు. ఇంత కూడా మిగల్చకపోతివా బాపూ అని అక్కడే తిట్టాను.

రాష్ట్రం వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు ఒక పెళ్లికి పిలిస్తే మళ్లీ అదే హాలుకు పోయాను. పెళ్లివాళ్లు మెట్ల దగ్గర ఫొటోలు దిగుతున్నారు. హాల్లో పనిచేసే అతను స్టూలెక్కి, దొరసాని గడ్డాన్ని తడిబట్టతో రుద్దుతున్నాడు. తెల్లరంగు కిందనుంచి ఆకుపచ్చగా ఒక చుక్క పైకి తేలి ఉంది. మొహం ఇంకా రాలేదు. చుక్క ఒక్కటే వచ్చింది.

"ఎంత తుడ్సినా పోతలేదక్కా గీ మరక," అన్నాడు నన్ను చూసి.

"తుడువకే అన్నా," అన్నాను. "గది మా అవ్వ."