రే అనే ఫైలు

కర్నూల్లో ముగ్గురం పనిచేసే చిన్న ఆఫీసు మాది. నీళ్ల ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడొస్తుందో జనం ఫోన్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాం నేను పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాశాను. అంతా ఒకే ఫైలు. కిందికి జరుపుతూ పోతే వేలు నొప్పి పుట్టేది గానీ చివర కనిపించేది కాదు. అయినా నాకది అందంగానే ఉండేది. కాకిపిల్ల కాకికి ముద్దు.

మా మేడం పత్తికొండ మనిషి, మాట కటువు. ఓ సోమవారం నా ఫైలు తెరిచింది.

"ఇదేందప్పా, అటక మీది సామాను మాదిరి ఉండాది? దేని పని దానికి వేరే ఫైల్లో పెట్టు. శనివారానికి సరిగా నడిస్తే నీ ఉద్యోగం ఖాయం చేస్తా. లేదంటే నీ దారి నువ్వు చూసుకో."

నాకు పెళ్లయి ఆరు నెలలు. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేదు.

కూర్చుని విడగొట్టాను. ట్యాంకర్లకు ఒక ఫైలు, వీధులకు ఒక ఫైలు. నీళ్లు, వీధి అని మన మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. మరి మెసేజ్ పంపి జనాన్ని పిలిచే ఫైలుకు? మా పక్క మనిషిని పిలవాలంటే నోట్లోంచి ముందు వచ్చేది 'రే'. ఆర్, ఈ, రెండే అక్షరాలు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం మేడం ముందు నడిపిస్తే తెరనిండా తప్పులే. నేను ముట్టుకోని, పైథాన్‌తో పాటే వచ్చిన ఫైళ్లు కూడా మొరాయించాయి. ఇంటర్నెట్ బాగాలేదన్నాను. కంప్యూటరు పాతదన్నాను.

మేడం ఫైళ్ల పేర్లు చూసి పగలబడి నవ్వింది. "పైథాన్‌లో ఆ పేరుతో ముందే ఒక మాడ్యూల్ ఫైలు ఉండాది గదప్పా! రాతలో మనకు కావాల్సిన ముక్క వెతికి పెట్టేది. శానా పెద్దది. తక్కినవన్నీ దాన్ని పిలుస్తాంటే మధ్యలో నీది పలుకుతాంది. పెద్దోళ్లను పట్టుకోని రే అంటారా? అప్పా అని పెట్టు."

పెట్టాను. వెంటనే మేడం ఫోనుకు మెసేజ్ వచ్చింది.

"సరే, ఇంక నువ్వు ఈ ఆఫీసు మనిషివే" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికెళ్లి ఉద్యోగం ఖాయమైందని గొప్పగా చెప్పాను.

"అంత పని ఏం చేస్తివి?" అంది మా ఆవిడ.

"ఆగిపోయిన ప్రోగ్రాం నడిపించినా. ఒక ఫైలు పేరు మార్చినా, అంతే."

"అబ్బో! మొదట ఆ పేరు పెట్టిందెవరు?"

ఆకలేస్తోంది, అన్నం వడ్డించమన్నాను.