దారి తప్పే కుమెజో

తెల్లవారుజామున పాలు పితకడం అవగానే కొట్టం నుంచి రోడ్డు దాకా మంచు తోసేది ఫుసాయె భర్త. ఆయన పోయాక వచ్చిన తొలి చలికాలంలో, ఆ పని పక్క పొలం కుమెజో దారి తప్పడం మీద నడిచింది.

దారి తప్పడంలో ముసలి కుమెజోను మించినవాడు జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి మొత్తంలో లేడు. పశువుల సంతకని బయల్దేరి, చేపల రేవులో తేలి, దూడకు బదులు సాల్మన్ చేపను చంకలో పెట్టుకొచ్చిన మనిషి.

"దూడ ఏదయ్యా?" అంది భార్య.

"ఇదే నయం. మేత అక్కర్లేదు."

ఫుసాయెది వేరే తిక్క. అంత్యక్రియల నాడే అందరి ముందూ చెప్పేసింది: "ఆవుల్ని నేనే చూసుకుంటాను. ఎవరి సాయమూ వద్దు." కానీ మంచు పేరుకుంటే పాల ట్యాంకరు లోపలికి రాదు. రాకపోతే పాలు పారబోయడమే. అలా కొన్నాళ్ళు సాగితే ఆవుల్ని అమ్ముకోవడమే.

ఆమె పార పట్టుకుని బయటికొచ్చేసరికి, కుమెజో ట్రాక్టరు దారంతా మంచు తోసేసి గుమ్మం ముందు గుర్రుమంటూ ఉండేది.

"ఇల్లు మళ్ళీ జరిపావా ఫుసాయె?" అని కసిరేవాడు. "ఇక్కడ మా ఇల్లుండాలే!"

"మీ ఇల్లు అవతల, బాబాయ్."

"దారి పక్కన ఎర్ర కర్రలు పాతలేదు నువ్వు! మంచులో మలుపెక్కడో నాకేమైనా కలొస్తుందా?"

నిజమే. ఏటా మంచుకు ముందు ఆ కర్రలు పాతేది భర్తే. ఈసారి ఆమెకు చేతులు రాలేదు. తప్పు తనదే అనుకుని వేడి పాలు ఇచ్చేది. తాగి, మర్నాడు మళ్ళీ తప్పేవాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున మంచు తుఫాను. చెయ్యి చాపితే వేళ్ళు కనిపించడం లేదు. తొలిచూలు పెయ్య ఈనలేక అల్లాడుతోంది. పశువుల డాక్టరు రాలేనన్నాడు. ఫుసాయె పట్టుదల దిగమింగి ఫోన్ చేసింది.

"బాబాయ్, దూడ ఇరుక్కుంది. కానీ మీకు దారి..."

ఫోన్ అప్పటికే పెట్టేశాడు.

టీ నీళ్ళు కాగేలోపు కొట్టం తలుపు తోసుకొచ్చాడు, నడిచి, కనుబొమల నిండా మంచుతో. ఇద్దరూ తాడు కట్టి లాగారు. దూడ గడ్డి మీద పడి తుమ్మింది.

"ఈ తుఫానులో ఇంత తిన్నగా ఎలా వచ్చారు?"

కుమెజో దూడను తుడుస్తూ తల ఎత్తలేదు. "ఇక్కడికెవరొచ్చారు? నేను పోస్టాఫీసుకని బయల్దేరాను."

ఫుసాయె నవ్వాపుకోలేక పెయ్య వెనక మొహం దాచుకుంది.

మళ్ళీ ఆకులన్నీ రాలాక, ఎర్ర కర్రలు చంకన పెట్టుకుని రోడ్డు దాకా వచ్చింది. పాల ట్యాంకరు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"తొందరగా పాతెయ్ అక్కా. లేకపోతే ఆ పెద్దాయన మళ్ళీ దారి తప్పుతాడు!"

ఫుసాయె ఆగింది. వెనక్కి తిరిగి, కర్రల్ని గడ్డి పాక మూలకు చేర్చి తలుపు వేసింది.

"తప్పనీ," అంది.