బావ కట్టుకున్న పాటలు

మా బావ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. ఆఖరి పీరియడ్. ఉప్పల్‌లో వాన దంచుతోంది. ఆరో తరగతి పిల్లలు పాఠం వదిలేసి కిటికీలకు అతుక్కుపోయారు. ఫోన్‌లో అక్క గొంతు ఎప్పటిలాగే ఉంది. "పోయిండే మీ బావ. జల్ది రా. గొడుగు తెచ్చుకో, తడుస్తవు" అంది. అంతే, పెట్టేసింది. గొడుగు చేతిలో ఉండి కూడా తెరవడం మరిచిపోయి, తడుస్తూనే నాచారం బస్సెక్కాను.

బావ అంటే మా అక్క భర్త. పోతే పత్రికలో పేరు పడేంత మనిషి కాదు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు, తర్వాత ఒక గోదాముకు వాచ్‌మన్‌గా పనిచేశాడు. మధ్యలో తాగుడుకు చిక్కాడు. దాన్నుంచి బయటపడటానికి తనకు తానే పాటలు కట్టుకున్నాడు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి మనిషి ఉండే ఉంటాడు కాబట్టి, ఆయన సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బీఈడీ సీటొచ్చి నేను జనగామ వైపు మా ఊరి నుంచి వాళ్లింటికి వచ్చాను. నాచారంలో రెండు గదుల రేకుల ఇల్లు. వాళ్లకు పిల్లల్లేరు. అక్క మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పొద్దున్నే వెళ్లిపోయేది. అక్క వెళ్లగానే బావ గడప మీద కూర్చుని క్లారినెట్ తీసేవాడు. పాటేమీ వాయించేవాడు కాదు. ఒకే స్వరాన్ని ఊపిరి అయిపోయేదాకా పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకునేవాడు. ఇంకా కోర్సు మొదలుకాని నన్ను అప్పుడే "టీచరమ్మా" అని పిలిచేవాడు. ఆ పిలుపు చివరిదాకా మార్చలేదు.

పెళ్లిళ్ల సీజన్‌లో ఎర్రకోటు, జరీ టోపీ వేసుకుని బయల్దేరేవాడు. పెళ్లివాళ్లు బ్యాండువాళ్లకు అన్నం పెట్టడం మరిచిపోయినా మందు పోయడం మాత్రం మరిచేవారు కాదు. బరాత్ నడుస్తుండగానే ఎవరో ఒకరు వచ్చి కోటు జేబులో క్వార్టర్ సీసా దోపేవారు. బావ పక్కన డ్రమ్ము వాయించే ఆయన ఒకడుండేవాడు, మేమంతా డ్రమ్ము మామ అనేవాళ్లం. "జర లోపల పడకుంటె ఊపిరి యాడ నిలుస్తది?" అన్నది ఆయన సిద్ధాంతం. మొదట బరాత్‌లోనే తాగేవాడు బావ. తర్వాత బరాత్‌కు ముందు. తర్వాత బరాత్ ఉన్నా లేకపోయినా. ఒకరోజు లాలాపేట్‌లో పెళ్లి ఊరేగింపు మధ్యలోనే రోడ్డు మీద కూలబడ్డాడు. ఆటోలో తెచ్చి గడప ముందు దింపి వెళ్లారు. ఒక చేయి నేలకు ఆనించి లేవలేని స్థితిలో కూడా, రెండో చేత్తో క్లారినెట్‌ను మాత్రం గుండెకు అదిమి పట్టుకుని ఉన్నాడు.

అక్క గొడవ పెట్టుకోలేదు. బావకు తెలివి వచ్చాక ఒక్క మాటే అంది. "ఆ కట్టె ఇంట్లుంటె నేనుండ. ఆలోచించుకో."

క్లారినెట్ సజ్జ మీదికెక్కింది. బావ తాగుడు కూడా ఆ రోజే బంద్ చేశాడు, ఒకేసారి, ఎవరినీ అడక్కుండా. రెండు మూడు రోజులకే ఫిట్స్ వచ్చాయి. నాలుక కొరుక్కుని, ఒళ్లంతా కొయ్యబారిపోయి పడి ఉన్న మనిషిని అక్కా నేనూ పట్టుకుని కూర్చున్న ఆ పొద్దు ఇప్పటికీ కలలోకి వస్తుంది. సర్కారు దవాఖానాలో డాక్టరు మమ్మల్నే కోప్పడ్డాడు. అంతగా అలవాటైనవాళ్లు సొంతంగా, ఒక్కసారిగా మానకూడదట. పక్కన వైద్యం ఉండాలట. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

దవాఖానా నుంచి వచ్చాక బావ తాగలేదు, కానీ మనిషి కూడా ఇంట్లో ఉన్నట్టు లేడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. మా చర్చి వెనక ఒక గదిలో, తాగుడు మానాలనుకునేవాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు కలుస్తారని తెలిసి అక్క బలవంతాన పంపింది. నడిపేది ఒక రిటైరైన నర్సమ్మ. మొదట్లో తోడుగా నేనూ వెళ్లి బయట బెంచీ మీద కూర్చునేదాన్ని, లోపలి మాటలు వినిపించేవి. అందరూ ఏదో ఒకటి చెప్పేవారు. బావ తన వంతు పక్కవాడికి వదిలేసేవాడు.

"నాకు మాట్లాడొస్తలేదమ్మా" అన్నాడు ఒక ఆదివారం.

"ఏం పని జేస్తుంటివి నువ్వు?" అని అడిగింది నర్సమ్మ.

"క్లారినెట్ ఊదుతుంటి."

"మరిప్పుడు?"

"బంద్ జేయించిండ్రు."

"తాగుడు బంద్ జెయ్యమన్నరు గానీ, ఊపిరి బంద్ జెయ్యమన్నరా? ఇంటికి పోయి తీసి ఊదు."

ఆమె మంచికే చెప్పింది. అక్క పనికి వెళ్లాక బావ సజ్జ మీది నుంచి క్లారినెట్ దించాడు. నాలుగు బరాత్ పాటలు వాయించాడు. వింటున్న నేను, ఇక ఈ ఇంటికి మంచి రోజులొచ్చాయనుకున్నాను. సాయంత్రానికి తాగి వచ్చాడు.

మర్నాడు తలవంచుకుని నాతో అన్నాడు. "ఆ పాటలెంబడి వాసన గూడ వస్తది టీచరమ్మా. ఊదుతుంటే నోరూరుతది. ఇన్నేండ్లు మంది పెండ్లికి మంది పాటలు ఊదిన. నాదని ఒక్క మాట లేదు అండ్ల."

సొంత పాటలు కట్టుకోవడం అలా మొదలైంది. ఆయనకు గండమంతా సాయంత్రమే. అప్పటికి వాచ్‌మన్‌గా కుదిరిన గోదాములో పగటి డ్యూటీ దిగి ఇంటికి వచ్చే దారిలో వైన్స్ ఉంది, దాని పక్క సందులోనే మా ఇల్లు. నడుస్తూ ఏదో గొణుక్కోవడం, ఇంటికి రాగానే గడప మీద కూర్చుని దాన్నే బయటికి పాడటం. వాద్యం లేదు, గడప మీద వేళ్లతో దరువు, అంతే. మొదట కట్టిన పాటలో రెండు పాదాలు నాకు గుర్తున్నాయి:

"సందకాడ సందు మలుపు పేరువెట్టి పిలుస్తది
పలుకుతె పోయినట్టె, పలుకకుంటె అలుగుతది"

అక్క మెచ్చుకుంటుందేమోనని వంటగది వైపు చూశాడు. "కూర మాడుతున్నది, జరుగు" అంది అక్క. ఆమెకు పాటంటేనే పడదు. చర్చిలో కూడా పెదవులు కదిపేది తప్ప గొంతు విప్పేది కాదు. ఈ ఇంటిని కూల్చింది పాటేనని ఆమె నమ్మకం. అందులో అబద్ధమూ లేదు.

నేను రాసిపెడతానంటే బావ ఒప్పుకోలేదు. "కాయితం మీద వెడితె నేను నిమ్మలపడి కూసుంట. నోట్లుంటె రోజు కలుపుకోవాలె. ఆ గంట గడవాలె టీచరమ్మా. పాట మంచిగున్నదా లేదా అన్నది తర్వాత ముచ్చట."

ఆదివారం గదిలో కూడా మాటకు బదులు పాట మొదలుపెట్టాడు. అక్కడున్నవాళ్లను కూడా కట్టమని వెంటపడ్డాడు. ఒక మేస్త్రీ తన ఇద్దరు కూతుళ్ల పేర్లనే తిప్పి తిప్పి పాడేవాడు, ఇంకేమీ కట్టలేకపోయేవాడు. అదీ పాటేనన్నాడు బావ. ఆయన పెట్టిన కట్టడి ఒకటే, ఒకరి పాట ఇంకొకరు పాడకూడదు. "అడుక్కొచ్చుకున్న అంగి భుజాలకాడ పట్టేస్తది" అనేవాడు.

డ్రమ్ము మామను కూడా తీసుకొచ్చాడు. నిజానికి ఆయన కోసమే బావ ఎక్కువ కష్టపడ్డాడు. మామ నవ్వుతూ వచ్చేవాడు, నవ్వుతూ ఎగ్గొట్టేవాడు. చాలా రోజులకు ఒక్క పాదం కట్టాడు:

"దరువు తెల్వనోణ్ని గాదు, ఆపుడు తెల్వనోణ్ని"

"రెండోది?" అని బావ అడిగితే, "వచ్చేవారం" అన్నాడట. ఆ వచ్చేవారం రాలేదు. కడుపు ఉబ్బి, కళ్లు పసుపెక్కి, దవాఖానాలో చేరి, అక్కడే చనిపోయాడు మామ.

ఆయన చావుకు బ్యాండువాళ్లే వాయించారు. బావ కూడా క్లారినెట్ పట్టుకుని వెళ్లాడు. అక్క ఆపలేదు. శ్మశానం నుంచి ఎట్లా తిరిగి వస్తాడోనని మేమిద్దరం గుమ్మంలోనే నిలబడ్డాం. వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, చెంబెడు నీళ్లు తాగాడు. "ఒక్క చరణమన్న పూర్తి గాలేదు ఆయనది" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు తాగలేదు. మేము భయపడ్డ రోజున ఏమీ కాలేదు. ఎవరమూ భయపడని రోజున పడిపోయాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. కోర్సయ్యి బడిలో చేరినా నేనింకా అక్క వాళ్లింట్లోనే ఉన్నాను. ఎక్కడ చూసినా పాటే, ఎక్కడ చూసినా డప్పే. ఉప్పల్ చౌరస్తాలో సభ పెడితే, పాట కట్టేవాడని ఎవరో చెప్పి బావను పిలిచారు. నేను కూడా వెళ్లి విన్నాను. మైకులో ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. జనం మళ్లీ పాడమన్నారు. బ్యాండులో ఉన్నన్నాళ్లూ ఆయన ముఖం వైపు ఎవరూ చూడలేదు, ఆ రోజు అందరూ చూశారు. నేను సంతోషంగా ఇంటికి వెళ్లిపోయాను. ఆయన చీకటిపడే వేళకు తాగి వచ్చాడు.

అక్క అన్నం పెట్టింది. తెల్లారి, అక్క జడ వేసుకుంటుంటే బావ గడప మీద కూర్చుని సన్నగా ఒక పాట ఎత్తుకున్నాడు. తన తప్పును తనే తిట్టుకునే పాట. చాలా బాగుంది. అదే అక్కకు మండింది. దువ్వెన పక్కన పెట్టి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆపు. పాటల జెప్తె అయిపోయిందా? పాటలైతె నీకు సల్లగుంటది, మందికి మంచిగుంటది. నాకు మాటల జెప్పు."

మాటలు వెతుక్కుంటూ బావ అంత అవస్థ పడటం ఫిట్స్ వచ్చిన నాడు కూడా చూడలేదు నేను. చివరికి అన్నాడు. "నిన్న తాగిన. ఎవ్వలు బలవంతం జెయ్యలే. నేనే అడిగి తీస్కున్న. మళ్ల తాగుతనేమోనని భయమైతున్నది."

"గిది. గిది ముందుగాల జెప్పు. తర్వాత పాడుకుంటె పాడుకో."

అప్పటి నుంచి వాళ్లిద్దరికీ అదొక అలవాటైంది. ఇంటికి రాగానే ఆ రోజు మనసు ఎటు లాగిందో మామూలు మాటల్లో అక్కకు చెప్పేవాడు. అక్క ఉల్లిగడ్డ తరుగుతూ వినేది. ఆ తర్వాతే పాట. దాని తర్వాత కూడా ఒకసారి జారాడు, దాచను. ఆ సాయంత్రం కూడా ముందు మాటల్లోనే చెప్పాడు. మళ్లీ జారలేదు.

పెళ్లయి నేను ఉప్పల్ వచ్చేశాక, సెలవులకు వెళ్తే ఆ ఇల్లు నాకు కొత్తగా కనిపించేది. బావ కొంచెం ఒళ్లు చేశాడు. ఆదివారం గదికి మనుషులు పెరిగారు, వచ్చినంత మందీ నిలిచారని మాత్రం చెప్పలేను. కొందరు మానేశారు, కొందరు రావడం మానేశారు. బావ రెండో రకం వాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చునేవాడు. తలుపు తీయకపోతే బయటి నుంచే ఒక చరణం పాడి వచ్చేవాడు.

అంతా కుదుటపడిందనుకున్నాక కాళ్లు వాయడం మొదలైంది. తర్వాత కడుపు. బావకు అర్థమైంది, డ్రమ్ము మామను చూసిన మనిషి కదా. "మానేసినంక గూడ గిదేంది సారూ?" అని డాక్టరును అడిగాడు. "అప్పటి దెబ్బ ఇది. మానకపోయి ఉంటే ఇన్నేళ్లు వచ్చేవి కావు" అన్నాడాయన.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇంత చేసి ఏం లాభమని బావ ముందే అనేశాను. ఆయన నెమ్మదిగా అన్నాడు: "బతుకనీకె మానిన్ననుకున్నవా టీచరమ్మా? మీ అక్కకెదురుంగ కూసొని అన్నం తిననీకె మానిన. తిన్న గద."

రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా పటాకులు, డప్పులు. చౌరస్తాకు రమ్మని కుర్రవాళ్లు వచ్చి పిలిచారు. వాచిన కాళ్లు బల్ల మీద పెట్టుకుని, "మీరు గట్టిగ కొట్టుండ్రి, నేనీడికెల్లి వింట" అని పంపించాడు. వానలు పడే నాటికి మంచం దిగలేకపోయాడు, నాచారంలోనే దవాఖానాలో చేర్చాం.

పోవడానికి ముందు రోజు మధ్యాహ్నం నేను వార్డులోనే ఉన్నాను. అక్క జావ కాచి తెచ్చింది. చెంచా పెదవుల దాకా తీసుకెళ్తే తల పక్కకు తిప్పుకుంటున్నాడు. పలకడం లేదు. కళ్లు మూతలు పడుతున్నాయి. అక్క చాలాసేపు చెంచా అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత, పక్క మంచాలవాళ్లు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా, పాట ఎత్తుకుంది. తాగుడు మానిన తొలి రోజుల్లో, పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతుండగా, బయటికి పరుగెత్తబోయే తన మనసును తనే బతిమాలుకుంటూ బావ కట్టిన పాట అది. విన్నట్టే కనిపించేది కాదు గానీ, అక్కకు మొత్తం వచ్చు.

"జరాగు పానమా జరాగు
బువ్వ తిని పోదువు ఆగు"

ఆమె గొంతు బొంగురుగా ఉంది. శ్రుతి లేదు, తాళం అసలే లేదు, తొందరతొందరగా పాడేస్తోంది. బావ కళ్లు తెరవలేదు. కనుబొమలు మాత్రం ముడిపడ్డాయి. దుప్పటి మీద ఉన్న చెయ్యి మెల్లగా జరిగి, మంచం ఇనుప కడ్డీని తాకింది. చూపుడు వేలు ఒకసారి కొట్టింది. కాసేపు ఆగి మళ్లీ కొట్టింది. అక్క పాడటం ఆపి ఆ వేలి వైపు చూసింది. అది మూడోసారి కదిలాక, ఆ దరువులోనే, నిదానంగా, మళ్లీ మొదటి నుంచి అందుకుంది.