తోటకు పట్టిన కుళ్ళు

డెబ్బైల మొదట్లో నేను ఉయ్యూరు దగ్గర ఒక ఊరికి కోడలిగా వెళ్ళాను. చుట్టూ చెరుకు, వరి. మా అత్తవారికి వరితోపాటు కాలవ పక్కన చిన్న తమలపాకు తోట ఉండేది. అవిశ మొక్కలకు తీగలు పాకి, పట్టపగలు కూడా లోపల చల్లగా, పచ్చగా ఉండేది. మా అత్తగారు చెప్పులు బయట విడిచి గాని అందులోకి వెళ్ళేవారు కాదు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషికి తోటలో ఈ పట్టింపేమిటని అడిగాను.

"నోట్లో పెట్టుకునే ఆకు కదమ్మాయ్" అన్నారు.

తోటలోకి ఆవిడ ఏ పురుగుమందూ రానిచ్చేవారు కాదు. కారణం నాకు పెళ్ళిచూపులనాడే తెలిసింది. మావారి అన్నగారు వరికి ఎండ్రిన్ కొట్టి ఇంటికొస్తూ కాలవగట్టు మీద పడిపోయారట. లారీలో విజయవాడ ఆస్పత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. ఆ రోజు ఆయన వాడిన స్ప్రేయరు సామాన్ల కొట్లో తుప్పుపట్టి పడి ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు, బయట పారేసేవారూ కాదు.

ఆకు మీద మచ్చ కనపడితే అత్తగారు ఆకులతోనే మందు చేసేవారు. వేపాకు, వావిలాకు, వెల్లుల్లి రోట్లో మెత్తగా దంచి, నీళ్ళలో నానబెట్టి వడగట్టేవారు. ఆకుకు పట్టి నిలవడానికి కాస్త కుంకుడుకాయ రసం కలిపేవారు. అందులో తులసాకూ పడాలి, అది మా ఇంట్లో లేదు. పక్కింటి నేతవారి ఆవిడ కోసి ఇచ్చేది. "దేవుడి చెట్టే, అయినా ఇంకో మొక్క బతకడానికేగా" అనేది. ఆ రసాన్ని మేమిద్దరం చీపురుకట్టతో తీగల మీద చిలకరించేవాళ్ళం. నా చేతుల వెల్లుల్లి వాసన ఎంత కడిగినా పోయేది కాదు. అయితేనేం, మచ్చలు ఆగేవి. నా కళ్ళతో చూశాను.

ఒక ఏడు శ్రావణంలో పట్టిన వాన విడవలేదు. ఉడికించినట్టు తడితడిగా ఉన్న మచ్చలు ఆకులంతా పాకాయి. మేం పొద్దున చిలకరించింది మధ్యాహ్నానికి వాన కడిగేసేది. మళ్ళీ దంచేవాళ్ళం. విజయవాడ వ్యాపారి బుట్టలు విప్పి చూసి, అలాగే తిప్పి పంపాడు. తర్వాత తీగల మొదళ్ళు నల్లబడ్డాయి. పట్టుకుంటే తొక్క వేళ్ళకు ఊడి వచ్చేది.

మావారు, ఊళ్ళో రైతులకు సలహాలు చెప్పే గ్రామసేవక్ గారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన గొడుగు కిందే వంగి మొదలు చూశారు.

"ఇది మొదలుకుళ్ళు తెగులండీ. మైలుతుత్తం, సున్నం కలిపి మొదళ్ళలో పొయ్యాలి. అది ఎండ్రిన్ లాంటిది కాదు పిన్నిగారూ, భయపడకండి."

"నా పెద్దాడికీ ఇలాగే చెప్పారు బాబూ, భయం లేదని" అన్నారు అత్తగారు.

ఆయన గొడుగు సర్దుకుని గట్టెక్కారు.

ఆయన వెళ్ళాక మావారు అరుగు మీద కూర్చుని, "అమ్మా, తోట చచ్చిపోతోందే! నీ కళ్ళకి కనపడట్లేదా?" అని అరిచారు. ఆవిడ రోటి దగ్గర కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నారు. మావారు నా వైపు చూశారు, నువ్వయినా చెప్పు అన్నట్టు. ఏ మొహంతో చెప్పను? కొడుకుని పోగొట్టుకున్న తల్లికి చెప్పలేను, కళ్ళముందు తోట పోతున్న మనిషిని ఓర్చుకోమనీ అనలేను. ఆవిడ పక్కన కూర్చుని నేనూ పొట్టు తీశాను.

తోటలో సగం వాలిపోయాక ఒక పొద్దున ఆవిడే అన్నారు, "పొయ్యరా, నీ ఇష్టం" అని. మావారు మైలుతుత్తం తెచ్చి కలిపారు. ఆయన తోటలో ఉన్నంతసేపూ అత్తగారు వానలోనే గట్టు మీద నిలబడ్డారు. బయటికి రాగానే కొడుకు చేతులు రెండూ పట్టుకుని, మోచేతుల దాకా సబ్బు పట్టించి కడిగారు. మళ్ళీ కడిగారు. ఆయన చిన్నపిల్లాడిలా చేతులు చాచి నిలబడ్డారు.

తీగలు మాత్రం నిలవలేదు. పచ్చగా ఉన్నవీ ఒక్కొక్కటే తలవాల్చాయి. వానలు తగ్గాక కూలీలు వచ్చి తీగలు పీకి కుప్పవేసి తగలబెట్టారు. పచ్చివి కావడంతో మంట రాలేదు, పొగే. అవిశలు కూడా కొట్టేసి ఆ నేలలో చెరుకు వేశారు.

చెరుకు మొలకెత్తిన రోజుల్లో, బియ్యం ఏరుతూ అత్తగారు ఉన్నట్టుండి అడిగారు.

"ముందే పొయ్యనిచ్చుంటే బతికేదంటావా అమ్మాయ్?"

అదే మాట గ్రామసేవక్ గారిని నేను అంతకుముందే అడిగి ఉన్నాను. "ఆ వానకి ఏం చెప్పగలమమ్మా" అన్నారాయన.

"ఏమో అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూశారు. ఇంకేమైనా అంటానేమోనని ఎదురుచూశారు కాబోలు. చేట నా వైపు జరిపి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.