ఇనుముకు బొట్టు

లింగస్వామి కుర్చీలో కూర్చునేటప్పుడు, ఒంటి లోపల పడుకున్నవాళ్లెవరో లేస్తారన్నట్టు నడుము పట్టుకుని మెల్లగా దిగుతాడు. చైతన్యపురిలో వాళ్ల కిరాయి గది పక్కనుంచి మెట్రో వెళ్లినప్పుడల్లా మాట ఆపేస్తాడు. "ప్లేటు మోగుతుంది, ఇనవడ్తలేదా?" అని భార్య గీతను అడుగుతాడు. ఆమె చెవి ఒగ్గి వింటుంది. ఏమీ వినిపించదు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర అతను నడిపే డీసీఎం వ్యాను బోల్తాపడి కటి ఎముక విరిగితే, దవాఖానలో పొత్తికడుపు కోసి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. ఎముక అతికింది. "భార్యాభర్తల విషయంలో ఇబ్బందేమైనా ఉందా? దాచకు, మందులున్నాయి" అని డాక్టర్ అడిగితే, పక్కనే నిలబడ్డ గీత వైపు చూడకుండా, "అంత మంచిగనే ఉంది సార్" అన్నాడు. ఇంటికి రాగానే తన చాప గోడవైపు జరుపుకున్నాడు.

దసరా పొద్దున గీత ఇంట్లో ఉన్న ఇనుమంతటికీ బొట్టు పెట్టింది. కత్తిపీటకు, కుట్టుమిషనుకు, అతను బండి నట్లు బిగించే పాత పానాలకు పెట్టాక, పళ్లెంతో అతని దగ్గరికొచ్చింది.

"నీ లోపట గూడ ఇనుమున్నది గద" అంది.

అతను నవ్వి, చొక్కా ఎత్తి, సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు. పొత్తికడుపు కింద అడ్డంగా సాగిన మచ్చకు ఆమె పసుపు రాసి, కుంకుమ అద్ది, ఇన్ని నెలల తర్వాత తాకిన ఒంటి మీద అరచెయ్యి అలాగే ఉంచేసింది. బయట మెట్రో వెళ్లింది. ఆమె చేతికింద సన్నగా ఏదో మోగింది.

"పెట్టు మరి, ముట్టకుండ ఎంతసేపు చూస్తవ్?" అన్నాడతను, కళ్లు తెరవకుండానే.