చెరిపేసిన థీసిస్

బడి మధ్యలోనే మానేసిన నాకు తార్నాకలో థీసిస్‌లు ప్రింటు తీసి బైండింగ్ చేసే పని దొరికింది. ఇన్ని పీహెచ్‌డీలు నా చేతుల మీదుగా పోయాయి, ఒక్కటీ అంటుకోలేదు.

వైరస్‌లూ అంటుకోలేదు. యాంటీవైరస్ వేస్తే మా పాత కంప్యూటర్ ఆయాసపడేది. దాన్ని తీసేసి జాగ్రత్తనే నమ్ముకున్నాను. పెన్‌డ్రైవ్ పెట్టగానే దేన్నీ నొక్కను. ఫోల్డర్ వేషం వేసుకున్న ప్రోగ్రాం ఏదైనా ఉందేమోనని పేరు చివర చూస్తాను. తెలియని మెయిల్ తెరవను. షట్టర్ దించే ముందు ఆ రోజు వచ్చిన ఫైళ్లన్నీ చెరిపేస్తాను. ఒకరి రోగం ఇంకొకరికి అంటకూడదు, ఒకరి థీసిస్ ఇంకొకరి చేతిలో పడకూడదు.

ఆ వానాకాలం, క్యాంపస్ హాస్టల్ నుంచి ఒక రీసెర్చ్ అమ్మాయి తడిసి ముద్దయి వచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద ఆమె థీసిస్. అంతకు కొన్నాళ్ల ముందే ఫైలంతా మా కంప్యూటర్‌లోకి ఎక్కించి, గైడ్ అడిగిన మొదటి రెండు అధ్యాయాలు మాత్రం ప్రింటు తీసిచ్చాను.

"అన్నా, ఫెలోషిప్ పడ్డదని మెయిలొస్తే తెరిచిన. ల్యాప్‌టాప్‌ల అన్ని ఫైళ్లకు తాళం పడ్డది, పైసలు కడితేనే తీస్తరట. ఆ ఆడోళ్ల మాటల రికార్డింగులు గూడ పాయె. పెన్‌డ్రైవ్ గూడ దానికే పెట్టి ఉండె. నీ తాన నా థీసిస్ ఉన్నది గదా?"

నెలల తరబడి ఫెలోషిప్ కోసం ఎదురుచూసే మనిషికి, ఆ మెయిల్ ఎవరు పంపారో చూసే ఓపిక ఎక్కడిది?

"చెరిపేసిన అక్కా."

చెరిపినవాటిని తవ్వి తీసే ప్రోగ్రాంతో వెతికాను. ఆమె ఫైలున్న చోట ఎవరెవరివో ప్రాజెక్టులు, హాల్ టికెట్లు వచ్చి కూర్చున్నాయి. ఆమె స్టూలు మీద కూర్చుని స్క్రీన్ మీది ఆ పేర్లన్నీ చివరిదాకా చదివింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

చలికాలంలో కొత్త థీసిస్ ప్రింటుకి మళ్లీ వచ్చింది. ఊళ్లన్నీ మళ్లీ తిరిగి, అడిగి రాసుకుందట. మొదటిసారి అందరికన్నా ఎక్కువ మాట్లాడిన ముసలమ్మ ఈలోగా పోయింది. ఆమె చెప్పిన మాట ఒక్కటీ కొత్త థీసిస్‌లో లేదు. ప్రింటు తీస్తున్నాను. నా నోరు ఊరుకోదు.

"మా కంప్యూటర్‌కు మాత్రం ఇన్నేండ్లల్ల జలుబు గూడ రాలే అక్కా," అన్నాను.

ఆమె కాగితాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే అంది:

"ఎట్లొస్తదన్నా? పొద్దుగూకితే దాంట్ల ఎవ్వలుండరు గదా."